సురేష్‌బాబు గారి కోసం ఆరామంలో

బౌద్ధారామం, కొవ్వూరు ఎగువన
శ్రావణ మాసం, ఆదివారం

పూజ్యులైన బావగారు సూర్యనారాయణరాజు గారికి మీ బావమరిది పెద్దిరాజు నమస్కారాలు.

క్షేమంగా చేరాను. ఫోన్ రాలేదని అక్కయ్య కంగారు పడుతూ ఉంటుంది. దాన్ని గేటు దగ్గరే తీసుకుని, సంచిలో పెట్టి, బీరువాలో వేసి తాళం వేసేశారు. ఇక్కడున్నన్నాళ్ళూ ఆదివారం ఆదివారం ఒక ఉత్తరం రాసుకోవచ్చట. అంతకంటే పెద్ద దెబ్బ ఇంకోటుంది. గేటు లోపల ఎవరూ మాట్లాడకూడదు. మౌనం! నా పెళ్ళిలో తాళి కడుతూ కూడా పక్కవాడితో కబుర్లాడినవాణ్ణి, నాకు ఇదేం శిక్షండి?

ఆఫీసు గదిలో మాత్రం మాట్లాడొచ్చు. ఇక్కడి పెద్దాయన్ని భంతే అంటారు. భంతే అంటేనే అయ్యగారని అర్థమట, అయినా గారు తగిలించకుండా పిలవడానికి నాకు నోరు రాక భంతేగారూ అంటున్నాను. ఎందుకొచ్చారని అడిగారు. నిజం చెప్పలేను కదా. "మా వాళ్ళందరిచేతా రొయ్యల చెరువుల్లో వాటాలు కొనిపించి, కొన్నాళ్ళు లాభాలు పంచి, ఆఫీసుకి తాళం వేసి పారిపోయిన సురేష్‌బాబు అనే ఆయన గుండుతో, కావిబట్టతో కొవ్వూరు రేవులో కనిపించాడటండి. మీ దగ్గర భిక్షువుగా చేరాడని అందరూ అంటున్నారు, వెతకడానికొచ్చాను" అంటే నన్ను అట్నుంచి అటే పంపించేవారు. అందుకని "మనశ్శాంతి కోసమండి" అన్నాను. మన వైపు నుంచి వచ్చేవాళ్ళందరూ అదే చెప్తారట.

చిక్కేంటంటే, నరసాపురంలో ఉండిపోవడం వల్ల నేనా మనిషిని ఒక్కసారీ చూడలేదు. నా దగ్గరున్నది ఆయన కంపెనీ కేలండరు మీది ఫొటో. అందులో ఒత్తు జుట్టు, మీసం, కళ్ళజోడు ఉన్నాయి. ఆ మూడూ తీసేస్తే మిగిలేదేంటండి? భిక్షువులందరివీ గుండు తలలే, అందరిదీ ఒకటే రంగు బట్ట. ఎవరిని చూసినా సురేష్‌బాబులాగే ఉన్నారు. నిన్న గోడ మీద బుద్ధుడి బొమ్మ మీద కూడా కాసేపు అనుమానం వచ్చింది.

అయినా మీరు దిగులు పడకండి. పట్టుకునే వస్తాను.

మీ బావమరిది,
పెద్దిరాజు


గరువుపాలెం, భీమవరం దగ్గర
శ్రావణ బహుళం

బావమరిది పెద్దిరాజు గారికి,

మీ ఉత్తరం అందింది. మీరు నోరు మూసుకుని ఉన్నారన్న సంగతి మీ అక్కగారు నమ్మలేదు. చేతిరాత మీదేనా కాదా అని నన్ను మళ్ళీ చూడమన్నారు. బుద్ధుణ్ణి అనుమానించడం మాత్రం బాగుంది. ఆయనా ఇంట్లో చెప్పకుండా పోయినవాడే కదా, మీ తప్పేం లేదు.

పోలీసులకి దొరకనివాడు మీకు దొరుకుతాడని నాకు పెద్ద ఆశ లేదు. అయితే చెరువు అమ్మేశాక మీకు వేరే పని కూడా లేదు కనక కానివ్వండి. అక్కడ పూటకూడు ఎలా ఉందో రాయలేదు. ఉత్తరాలు కవర్లోనే పెట్టండి, కార్డు రాయొద్దు. మన పోస్ట్‌మేన్ కూడా వాటా కొన్నవాడే.

ఇక్కడ అందరం కులాసా. ఊళ్ళో నన్నెవరూ ఒక్క మాట అనలేదు. అందరూ మర్యాదగానే ఉన్నారు. నేను బాగానే ఉన్నాను.

ఆశీస్సులతో,
సూర్యనారాయణరాజు

తమ్ముడూ, కవరు అంటించమని నా చేతికిచ్చి మీ బావగారు లోపలికెళ్ళారు. అందుకని ఈ నాలుగు ముక్కలూ. బాగానే ఉన్నానని రాశారు కదా, నమ్మకు. ఉగాది తర్వాత ఆయన గేటు దాటలేదు. చెరువు మీదకి వెళ్ళరు, సెంటర్‌కి వెళ్ళరు, క్షవరానికి మంగలి కూడా ఇంటికే వస్తున్నాడు. ఆ సురేష్‌బాబు దొరికితే అన్నవరంలో దంపతులం వ్రతం చేయించుకుంటామని మొక్కుకున్నాను. దొరక్కపోయినా చేయించుకుందాం రండి అంటే కదలడం లేదు. నువ్వు వాణ్ణి పట్టుకోకపోయినా ఫరవాలేదురా, ఈయన్ని గేటు దాటించు. – బుల్లెమ్మ


బౌద్ధారామం
భాద్రపదం, ఆదివారం

బావగారికి నమస్కారాలు.

దొరికాడండి! దొరికాడనే అనుకుంటున్నాను.

నాకు వడ్డన పని అప్పగించారు. భిక్షువులు మధ్యాహ్నం లోపే తినేయాలి, ఆ తర్వాత మర్నాటి వరకూ మెతుకు ముట్టరు. పాత్రలు పట్టుకుని వరసగా కూర్చుంటారు, మనం గరిటె వంచాలి. చాలనుకున్నవాళ్ళు పాత్ర మీద చెయ్యి అడ్డం పెడతారు. పెట్టారంటే మనం ముందుకి వెళ్ళిపోవాలి. ఇదీ ఇక్కడి పద్ధతి.

ఇదేం వడ్డనండి? ఒక్కసారి వద్దంటే వెళ్ళిపోవడమేంటి? మన ఇళ్ళల్లో మొదటిసారి వద్దనడం మర్యాద, రెండోసారి వద్దనడం మొహమాటం, మూడోసారికి గానీ అసలు ఆకలి బయటపడదు. నేను అలవాటు చొప్పున ప్రతివాళ్ళ ముందూ మూడుసార్లు గరిటె చూపిస్తూ నిలబడ్డాను. మహారాష్ట్ర నుంచి వచ్చినవాళ్ళు, సింహళం ఆయన, నేపాలు వాళ్ళు ఎవరూ మూడోసారికి కూడా చెయ్యి తియ్యలేదు. వద్దంటే వద్దే. సింహళం ఆయన అయితే నాకేసి జాలిగా చూశాడు.

చివర ఒక కొత్త భిక్షువు కూర్చుంటాడు. బొద్దుగా ఉంటాడు, మీ ఈడువాడు. మొదటిసారి చెయ్యి అడ్డం పెట్టాడు. రెండోసారి తల కూడా ఊపాడు. మూడోసారి గరిటె వంచాను. చెయ్యి మెల్లిగా పక్కకి జరిగిందండి! మర్నాడు ముద్దపప్పు దగ్గర అదే జరిగింది. ఆ మర్నాడు వంకాయ కూర దగ్గర కూడా. ఆయన మన గోదావరి మనిషి కాకపోతే నా చెవి కోయించుకుంటాను. మనవాడై ఉండి, ఊరు పేరు చెప్పకుండా ఇక్కడ దాక్కోవలసిన అవసరం సురేష్‌బాబుకి తప్ప ఎవరికుందండి?

మీరొచ్చి ఒక్కసారి మొహం చూస్తే తేలిపోతుంది. బస్సెక్కి రండి. వచ్చేటప్పుడు కవరు అంటించిన ఆవిడని కూడా తీసుకురండి.

మీ
పెద్దిరాజు


గరువుపాలెం
భాద్రపద బహుళం

పెద్దిరాజు గారికి,

మీ వడ్డన గురించి చదివి చాలా రోజులకి పైకి నవ్వాను. మీ అక్కగారు వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చారు, ఏమైందోనని.

నేను రాలేను. మోకాళ్ళు నొప్పులు. చెరువుకి మేత వేయించేవాళ్ళు లేరు. పైగా వానలు.

ఇంతవరకూ రాసి చదువుకున్నాను. అన్నీ అబద్ధాలే. మీ అక్కగారు ఎలాగూ కింద నిజం రాస్తారు కనక ఆ పనేదో నేనే చేస్తాను.

సురేష్‌బాబుని ఊళ్ళోకి తెచ్చింది నేను. మా అరుగు మీద కూర్చోబెట్టి "నాకు తెలిసినాయనే, ఫరవాలేదు" అన్నాను. ఆ ఒక్క మాట మీద ఊరంతా వాటాలు కొంది. తాళం పడ్డ మర్నాడు నేను సెంటర్‌కి వెళ్ళాను. తిడతారనుకున్నాను. కొడితే పడదామనే వెళ్ళాను. టీకొట్టు బల్ల మీద కూర్చున్నవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. "రండి రాజుగారూ, కూర్చోండి" అన్నారు. మన సెంటర్ సంగతి మీకు తెలుసు. నా పొట్ట మీద, నా పంచె మీద, నా స్కూటరు మీద వెటకారం చెయ్యకపోతే అక్కడ ఎవరికీ టీ దిగదు. టీకొట్టు వీరవేణికి అసలే దిగదు. ఆ రోజు ఒక్కరు ఒక్క మాట అనలేదు. ఎండల గురించి మాట్లాడారు, అదీ "అవునండి, అవునండి" అంటూ. వీరవేణి టీ ఇచ్చి "డబ్బులెందుకులెండి" అంది. చుట్టం వచ్చినప్పుడు అలా ఉంటాం కదా, అలా ఉన్నారు. పుట్టిన ఊళ్ళో నేను చుట్టాన్ని అయిపోయాను పెద్దిరాజూ. ఆ మర్యాద నేను భరించలేను. అందుకే గేటు దాటడం లేదు.

మీకు ఒక ఆనవాలు చెప్తాను. సురేష్‌బాబు ఎడమచేతి చిటికెనవేలు వంకర. చూసి రాయండి.

సూర్యనారాయణరాజు


బౌద్ధారామం
ఆశ్వయుజం, ఆదివారం

బావగారికి నమస్కారాలు.

వేలు తిన్నగానే ఉందండి. ఆయన సురేష్‌బాబు కాదు.

మరి ఎవరో తెలుసుకోవాలి కదా. మౌనం గేటు లోపలే. మేం గిన్నెలు తోమేది గోదావరి మెట్ల మీద, మెట్లు గేటు బయట. ఈ సంగతి ఇన్నాళ్ళూ ఇక్కడ ఎవరికీ తట్టలేదు. ఆయన పక్కన కూర్చుని, బూడిద చేతికిస్తూ "ఏ ఊరండి తమరిది?" అన్నాను. చేతిలో గిన్నె వదిలేశాడు. అది తేలుకుంటూ పోతుంటే ఇద్దరం మొలలోతు నీళ్ళలోకి దిగి పట్టుకొచ్చాం. ఒడ్డుకొచ్చాక బట్టలు పిండుకుంటూ అంతా చెప్పాడు.

పేరు శ్రీనివాసరాజు. భీమవరం దగ్గర ఉండి అనే ఊరుందే, దానికి అవతల పల్లె. ఆయనా మీలాగే సురేష్‌బాబుని ఊళ్ళోకి తెచ్చి, "నాకు తెలిసినవాడే" అన్నవాడు. తాళం పడ్డ మర్నాడు మీరు సెంటర్‌కి వెళ్ళారు, ఆయన వెళ్ళలేకపోయాడు. తువ్వాలు భుజాన వేసుకుని బస్సెక్కేశాడు. పారిపోయాడు కాబట్టి ఆయనకీ అందులో భాగం ఉందని ఇప్పుడు ఊరంతా నమ్ముతోందట. ఇంట్లో ఆవిడకి ఇక్కడున్నట్టు కూడా తెలియదు. పూర్తి దీక్ష కావాలంటే ఇంటివాళ్ళ అనుమతి తెచ్చుకోమన్నారట భంతేగారు. అందుకే అటూ ఇటూ కాకుండా చివర కూర్చుంటున్నాడు.

నేను మీ సంగతి చెప్పాను. ఆయన "మీ బావగారు ఇంకా ఊళ్ళోనే ఉన్నారా అండి?" అని అడిగాడు. ఆ అడగడంలో ఎంత ఆశ ఉందో నేను రాయలేను. "లేకేంటండి, రోజూ సెంటర్‌కి వెళ్ళి టీ తాగుతారు" అనేశాను. ఆయన చేతులు జోడించి, మీరున్న దిక్కు ఎటో నన్నడిగి, అటు తిరిగి దండం పెట్టాడు.

ఇప్పుడు నా పరిస్థితి చూడండి. అబద్ధమాడనని బుద్ధుడి ముందు ప్రమాణం చేసి ఉన్నాను, దాన్నిక్కడ శీలం అంటారు. నా శీలం మీ చేతుల్లో ఉంది బావగారూ. మీరు గేటు దాటారంటే నేను చెప్పింది అబద్ధం అవదు, కాస్త ముందుగా చెప్పిన నిజం అవుతుంది. సెంటర్ దాకా అప్పుడే వెళ్ళలేకపోతే అక్కయ్యని అన్నవరం తీసుకెళ్ళండి. ఆ జనంలో మీరెవరో ఎవరికీ తెలియదు, మిమ్మల్ని చూసి ఎవరూ లేచి నిలబడరు.

మీ
పెద్దిరాజు


గరువుపాలెం
కార్తీక మాసం

పెద్దిరాజూ!

గేటు దాటాను. మీ శీలం నిలిచింది. మిగతాది ఆ మెట్ల మీద కూర్చుని చదవండి, గట్టిగా నవ్వుకోవచ్చు.

మీరు చెప్పినట్టే అన్నవరం వెళ్ళాం. కార్తీకం కదా, కొండ నిండా జనం. వ్రతం హాల్లో దంపతులం వరసల్లో కూర్చున్నాం. పురోహితుడు గారు ఒక్కో జంట దగ్గరికీ వచ్చి గోత్రం, పేరు చెప్పిస్తున్నారు. మా ముందు వరసలో ఒక గుండు, దాని పక్కన ఒక పట్టుచీర. ఆ కొండ మీద గుండుకి కొదవేముంది, నేను పట్టించుకోలేదు. పురోహితుడు గారు అడిగారు. గుండు గోత్రం చెప్పింది. ఆ తర్వాత గొంతయినా తగ్గించకుండా "సురేష్‌బాబు నామధేయస్య" అంది.

నా చేతిలో అక్షింతలు జారిపోయాయి. మీ అక్కగారు నా తొడ మీద గిల్లిన గిల్లు ఇంకా నల్లగానే ఉంది. వంగి వేలు చూశాను. వంకర!

ఏం చెయ్యను? సంకల్పం చెప్పుకున్నాక మధ్యలో లేవకూడదు. కథంతా విని, ప్రసాదం పుచ్చుకునే దాకా కదలకూడదు. నేను కూర్చుండిపోయాను. ఇంతలో పూలు అందుకోవడానికి వాడు పక్కకి తిరిగి నన్ను చూశాడు. లేవబోయాడు. వాళ్ళావిడ పంచె పట్టుకుని లాగి కూర్చోబెట్టింది, వ్రతం మధ్యలో ఎక్కడికండీ అని. పాపం ఆవిడకేం తెలుసు! అలా అయిదు అధ్యాయాలూ వాడి గుండు నేను చూస్తూ, నా చూపు వాడు భరిస్తూ గడిపాం. కథలో అబద్ధమాడిన వ్యాపారి పడవ దగ్గరికి వచ్చేసరికి వాడికి చెమటలు పట్టాయి. మీ అక్కగారు ఆ అధ్యాయానికి మాత్రం హాలంతా వినబడేలా గోవింద కొట్టారు.

హారతి అయింది, ప్రసాదం అయింది. లేచి వెళ్ళి చెయ్యి పట్టుకున్నాను. ఇన్ని నెలలుగా వాణ్ణి ఏమని తిట్టాలో తయారుచేసుకుంటూనే ఉన్నాను. తీరా నోట్లోంచి వచ్చిందేంటో తెలుసా? "సురేష్‌బాబు గారూ, బాగున్నారా అండి?" వాడు కూడా "బాగున్నామండి, తమరు?" అన్నాడు. చెయ్యి మాత్రం నేను వదల్లేదు. మీ అక్కగారు వాళ్ళావిడకి బొట్టు పెట్టి "వదినగారూ, తాంబూలం పుచ్చుకోకుండా వెళ్తే ఎలాగండి" అని కూర్చోబెట్టి, అరటిపళ్ళ కోసం సంచీ వెతకడం మొదలుపెట్టారు. నేను పక్కవాళ్ళచేత కబురు పెట్టించాను, కొండ మీది పోలీసులు వచ్చేదాకా ఆ పళ్ళు దొరకలేదు.

ఈలోగా నేను అడిగాను. "సత్రాల్లో దొంగపేర్లు రాయించి తిరుగుతున్నావు కదా, ఇక్కడ నిజం పేరెందుకు చెప్పావయ్యా?" వాడు నన్ను తెలివితక్కువవాణ్ణి చూసినట్టు చూశాడు. "పేరు మార్చి చెప్తే వ్రతఫలం ఆ పేరుగలవాడికి పోదా అండి?" అన్నాడు. ఫలం సంగతిలో వాడు ఎవరినీ నమ్మడు. కొవ్వూరు రేవులో కనిపించింది కూడా ఇలాంటిదే ఇంకో తలనీలాల మొక్కు తీర్చుకుని వస్తూ, కావిరంగు తువ్వాలు చుట్టుకుని స్నానానికి దిగినప్పుడట. బుద్ధుడికీ వాడికీ ఏ సంబంధమూ లేదు. సత్రం గదిలో ఉన్నవన్నీ పోలీసులు తీసుకెళ్ళారు. ఎవరికెంత వస్తుందో కోర్టు తేల్చాలి.

ఇదంతా ఒక ఎత్తు. తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే సెంటర్‌కి వెళ్ళాను. దొంగని పట్టుకున్న ధైర్యం కాదు. వాడు దొరక్కపోయినా వెళ్ళాలనే ఇంట్లోంచి బయల్దేరినప్పుడు అనుకున్నాను. నన్ను చూడగానే బల్ల మీదవాళ్ళు లేవబోయారు. వీరవేణి టీ వడగడుతూ, తలెత్తకుండానే అంది.

"ఏమండోయ్ రాజుగారూ! మా డబ్బులు మింగినోడికి దగ్గర కూర్చుని ప్రసాదం తినిపించారంట కదా! బుద్ధుందా అండి మీకు? ఈ పంచె కట్టుకునేనా వెళ్ళారు? వాడు పరిగెత్తుంటే ఈ పంచెతో, ఆ పొట్టతో ఎలా పట్టుకుందామనుకున్నారండి?"

ఎవరూ నవ్వలేదు, నాకేసి చూశారు. ముందు నేను నవ్వాను. అంతే, ఇక పట్టపగ్గాల్లేవు. పొట్ట అయింది, స్కూటరు అయింది, మీ దాకా వచ్చారు. దొంగ అన్నవరంలో ఉంటే కొవ్వూరులో మూగనోము పట్టినాయన అని మీకు పేరు పెట్టేశారు. కాసేపయ్యాక వీరవేణి గ్లాసు నా ముందు ఠక్కున పెట్టి అసలు మాట అంది. "మీ మాట నమ్మి ఇచ్చానండి. తప్పయిపోయింది వీరవేణీ అని వచ్చి నాతో ఒక్క మాట అనొద్దా? గేటేసుకుని కూర్చుంటారా? మేం మీకేం కామా అండి?" ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. తప్పయిపోయింది వీరవేణీ అన్నాను. నాకూ కళ్ళు నిండాయి, దాచుకోలేదు. టీ డబ్బులు గట్టిగా అడిగి మరీ తీసుకుంది.

ఇంత సంతోషం నేను మా పెళ్ళినాడు కూడా ఎరగను. ఈ ముక్క రాశాను కనక కవరు నేనే అంటించుకుంటున్నాను.

మీ బావ,
సూర్యనారాయణరాజు


బౌద్ధారామం
కార్తీకం, ఆదివారం

బావగారికి నమస్కారాలు.

మెట్ల దాకా ఆగలేక మీ ఉత్తరం భోజనశాలలోనే విప్పి, అక్షింతలు జారిపోయిన చోట పైకి నవ్వేశాను. అంత నిశ్శబ్దంలో నా నవ్వు గోదావరి అవతలికి వినబడి ఉంటుంది. భంతేగారు ఆఫీసు గదిలోకి పిలిచారు. మూట సర్దుకోమంటారనుకుని, దాచి లాభం లేదని, మనశ్శాంతి అబద్ధంతో సహా అంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు. "పెద్దిరాజు గారూ, ఆ ఉత్తరం మన చివర కూర్చునే ఆయనకి కూడా చూపించండి" అన్నారు.

శ్రీనివాసరాజు గారికి మెట్ల మీద ఇచ్చాను. అన్నవరం దగ్గర భుజాలు కదిలేలా నవ్వాడు. సెంటర్ దగ్గరికి వచ్చేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆ పేజీ మళ్ళీ మొదటినుంచి చదివాడు. వీరవేణి మాటల్ని పెదాలు కదుపుతూ, తనకి తను చెప్పుకుంటున్నట్టు చదివాడు. కాగితాలు మడిచి నా చేతికిస్తూ చాలా మెల్లిగా అడిగాడు.

"మా ఊళ్ళో నన్ను కూడా ఇలా తిడతారంటారా అండి?"

"తిడతారండి. కడుపు నిండా తిడతారు. నాదీ హామీ" అన్నాను.

ఆ మాట వినగానే ఆయన నాకేసి చూసిన చూపు నేను మర్చిపోలేను. హామీలంటే ఏంటో ఆయనకీ, మీకూ తెలిసినంతగా ఎవరికి తెలుసు? అయినా లేచాడు. లోపలికెళ్ళి కావిబట్ట మడిచి భంతేగారికి అప్పగించి, ఆఫీసు ఫోన్లో ఇంటికి చేశాడు. అవతల ఆవిడ చాలాసేపు తిట్టిందట. బయటికొచ్చి, "మొదలైందండి" అన్నాడు, మొహం వెలిగిపోతూ.

ఈ ఉత్తరం మీకు అందే వ్యవధి చూసుకుని, గురువారం పొద్దున్న బస్సుకి బయల్దేరుతున్నాం. నేను పెద్ద మాట అనేశాను. ఆ ఊరివాళ్ళు మర్యాదగా లేచి నిలబడితే నేనేం చెయ్యాలో నాకు తెలియదు. మీరు ఉండి ఊరి సెంటర్‌లో బస్సు దగ్గరికి రండి బావగారూ. ముగ్గురం కలిసి వెళదాం.

మీ బావమరిది,
పెద్దిరాజు